శిశువులకు సున్తీ: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

తెలుగులో 'ఒడుగు' అను మాటకు రెండు అర్థములు కలవు. వటువునకు జందెము వేయు ఉపనయనమును ఒడుగు అందురు. ముస్లిముల ఇండ్లలో బాలునికి చేయించు సున్తీని కూడ తెలుగు పల్లెలలో ఒడుగులు అనియే అందురు. ఉర్దూలో దీనికే ఖత్నా అని పేరు. పేరు ఒక్కటియే అయినను రెంటికి భేదము పెద్దది. జందెమును తీసి మరల వేసికొనవచ్చును. సున్తీలో తీసివేసిన చర్మము మరల మొలవదు. చిన్నదే అయినను సున్తీ ఒక శస్త్రచికిత్స. శస్త్రచికిత్సలకు ఉండు లాభనష్టము లన్నియు దీనికిని ఉండును.

ఈ ప్రశ్న ముస్లిం కుటుంబములకు మాత్రమే సంబంధించినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాపురమున్న తెలుగు దంపతులకు మగబిడ్డ కలిగినచో, ఆసుపత్రి విడుచుటకు ముందే సున్తీ చేయింపదలచితిరా యని వైద్య సిబ్బంది అడుగుట మామూలు. తమ ఇంట తరతరములుగా లేని ఆచారమును గూర్చి, కాన్పు బడలిక తీరకముందే, ఒకటి రెండు దినములలో వారు సమాధానము చెప్పవలసి వచ్చును. ఇక తెలుగు నాటనే, పసివాని ముందోలు వెనుకకు వచ్చుట లేదని భయపడి వైద్యునియొద్దకు పోవు తల్లులు కొందరు కలరు. మత విధిగా చేయించువారు, పరదేశములో అడిగినందున ఆలోచించువారు, జబ్బేమో యని జంకువారు, ఈ మూడు తెగల తల్లిదండ్రులకును అవసరమైన విజ్ఞానము ఒక్కటియే.

ముందోలు స్వభావము

శిశ్నపు కొనను మణి అందురు. మణిని కప్పియుండు రెండు పొరల చర్మము ముందోలు. శరీరశాస్త్ర గ్రంథములలో దీనిని అగ్రచర్మమని వ్రాయుదురు. దీని వెలిపొర మామూలు చర్మమే. లోపొర పెదవి లోపలి భాగమువలె మెత్తగా, తడిగా ఉండును. ఇందులో నరముల కొనలు హెచ్చు. పసితనములో ఈ కప్పు మలమూత్రముల తాకిడినుండి మణిని కాపాడును.

తల్లి గర్భములో ఈ లోపొరయు, మణిమీది పొరయు ఒకదానికొకటి అంటుకొని పెరుగును. పుట్టునాటికి అవి విడివడి ఉండవు. గోరు దాని క్రింది కండను పట్టుకొనియున్నట్లు ముందోలు మణిని పట్టుకొనియుండును. బిడ్డ ఎదుగుకొలది రెండు పొరల నడుమనున్న కణములు కొంచెము కొంచెముగా రాలిపోవును. అట్లు రాలిన కణములు ఒక్కొక్కప్పుడు చర్మము క్రింద తెల్లని చిన్న పూసలవలె కనబడును. వానిని చూచి చీము పట్టినదని తల్లులు కంగారుపడుదురు. అవి చీము కావు. రెండు పొరలు తమంతట తామే విడిపోవుచున్నవనుటకు గుర్తులు.

ఈ విడిపోవుట ఎంత కాలమునకు జరుగును? కేంబ్రిడ్జిలోని శిశువైద్యుడు డగ్లస్ గెయిర్డ్నర్ 1949లో ఈ ప్రశ్నకు లెక్కలతో సమాధానము ప్రకటించెను. ముందోలు పూర్తిగా వెనుకకు వచ్చునది పుట్టిన శిశువులలో నూటికి 4గురికి మాత్రమే. ఆరు నెలలకు 20 మందికి, ఏడాదికి 50 మందికి, మూడేండ్లకు 90 మందికి అట్లు వచ్చునని ఆయన వ్రాసెను. తరువాత డెన్మార్కులో యాకోబ్ ఓస్టర్ అను వైద్యుడు పాఠశాలల బాలురను ఏండ్ల తరబడి పరీక్షించి 1968లో తన ఫలితములను వెల్లడించెను. ఆరేడేండ్ల బాలురలో నూటికి 8 మందికి ముందోలు ఇంకను బిగువుగానే ఉండెను. అదే 16, 17 ఏండ్లు వచ్చుసరికి అట్టివారు నూటికి ఒక్కరే. లోపల కొంత అంటుకొనియుండుట ఆరేడేండ్లవారిలో నూటికి 63 మందిలో కనబడెను. పదహారు, పదిహేడేండ్లకు అది 3గురికి తగ్గెను. అనగా గెయిర్డ్నర్ అనుకొన్నదానికంటె ఈ మార్పు ఇంకను నెమ్మదిగా జరుగును. చికిత్స యేదియు లేకయే జరుగును.

ఈ లెక్కలు తల్లిదండ్రులకు చెప్పునది స్పష్టము. ఏడాది బిడ్డకు ముందోలు వెనుకకు రాకపోవుట జబ్బు కాదు. పాలపండ్లు ఊడకపోవుట ఎట్లు జబ్బు కాదో ఇదియు అట్టిదే. మూత్రము పోయునపుడు ముందోలు క్షణకాలము బుడగవలె ఉబ్బినను, బిడ్డకు నొప్పి లేక, ధార సాఫీగా వచ్చుచున్నచో భయపడనక్కరలేదు.

కొన్ని ఇండ్లలో బిడ్డకు నీళ్ళు పోయునపుడు ముందోలును ప్రతిదినము బలవంతముగా వెనుకకు లాగి నూనె వ్రాయుట కలదు. ఇది మంచిది కాదు. అంటుకొనియున్న పొరలను లాగినచో సన్నని చీలికలు ఏర్పడును. అవి మానునపుడు గట్టి మచ్చ కట్టి, లేని బిగువును కొని తెచ్చును. వెనుకకు లాగిన చర్మము మరల ముందుకు రాక మణిచుట్టు ఉంగరమువలె బిగిసినచో వాపు పెరిగి రక్తప్రసారము ఆగును. అట్టి స్థితిలో బిడ్డను వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. పసివానికి వెలుపల నీళ్ళతో కడిగిన చాలును. చర్మము వదులైన పిమ్మట స్నానమునందు దానిని తానే వెనుకకు తీసి కడిగికొని మరల ముందుకు లాగుకొనుట బాలునికి నేర్పవలెను.

ఆచారమునుండి ఆసుపత్రికి

సున్తీ మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టులోని సఖారావద్ద అంఖ్‌మహోర్ అను అధికారి సమాధిలో ఈ క్రియను చూపు శిల్పము కలదు. అది నాలుగు వేల ఏండ్లకు పైబడినది. యూదులు అబ్రహాము కాలపు ఒడంబడికకు గుర్తుగా పుట్టిన ఎనిమిదవ దినమున సున్తీ చేయుదురు. ఇస్లాములో ఖురానునందు దీని ప్రస్తావన లేకున్నను హదీసులనుబట్టి ఇది ఆచరణీయమైనది. దీనికి ఒకే వయస్సు నియమము లేదు. కొన్ని దేశములలో పుట్టిన వారములోనే, కొన్నింట బాల్యములో చేయింతురు. తెలుగు నాట పూర్వము ఈ పనిని మంగలివారు చేసెడివారు. ఇప్పుడు ఆసుపత్రులలో చేయించుట హెచ్చినది. ప్రపంచములో పదునైదేండ్లు దాటిన మగవారిలో సుమారు మూడవ వంతు సున్తీ అయినవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో అంచనా కట్టెను. వారిలో మూడింట రెండు వంతులు ముస్లిములు.

మతముతో సంబంధము లేకుండ వైద్యముగా సున్తీ వ్యాపించుట ముఖ్యముగా ఆంగ్లము మాటలాడు దేశములలో జరిగినది. 1870లో న్యూయార్కునందలి లూయీ సేయర్ అను శస్త్రవైద్యుడు కాళ్ళు చచ్చుపడిన ఒక ఐదేండ్ల బాలునికి సున్తీ చేసి, దానివలన పక్షవాతము కుదిరినదని ప్రకటించెను. ఆ కాలపు వైద్యులు నరముల ఉద్రేకమువలన దూరపు అవయవములకు జబ్బులు వచ్చునని నమ్మెడివారు. అందువలన మూర్ఛ మొదలుకొని అనేక వ్యాధులకు సున్తీ మందైపోయెను. ఆ సిద్ధాంతము కాలక్రమమున నశించెను గాని అలవాటు నిలిచిపోయెను. కాన్పులు ఇండ్లనుండి ఆసుపత్రులకు మారిన పిదప, అమెరికాలో శిశువునకు సున్తీ చేయుట బొడ్డు కోయుటంత సహజమైన పని అయ్యెను.

బ్రిటనులో కథ మరియొక విధముగా నడిచెను. గెయిర్డ్నర్ తన వ్యాసములో మరియొక సంగతిని కూడ బయటపెట్టెను. ఇంగ్లండు, వేల్సులలో 1942 నుండి 1947 వరకు ఈ చికిత్స కారణముగా ఐదేండ్లలోపు బాలురు ఏటేట సుమారు 16 మంది మరణించుచుండిరి. అందు పెక్కు మరణములు మత్తుమందు ఇచ్చునపుడు సంభవించినవి. 1948లో ఆరంభమైన ప్రభుత్వ ఆరోగ్య సేవ, జబ్బు లేనిదే చేయు సున్తీకి ఖర్చు భరింపలేదు. ఆ దేశములో ఈ అలవాటు త్వరలోనే తగ్గిపోయెను. అమెరికాలో భీమా సంస్థలు ఖర్చు భరించుచుండుటచే అది నిలిచెను. అచ్చటి ఆసుపత్రులలో పుట్టిన మగశిశువులలో 1979లో నూటికి 64.5 మందికి, 2010లో 58.3 మందికి ఇంటికి పోవుటకు ముందే సున్తీ జరిగినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. ఒకే వైద్యశాస్త్రము చదివిన రెండు దేశముల వైద్యులు ఇట్లు వేరు దారులు త్రొక్కుటను బట్టి, ఈ విషయములో అలవాటుకును, ఖర్చుకును ఎంత పలుకుబడి కలదో తెలియును.

చెప్పబడు లాభములు

సున్తీవలన లాభములే లేవనుట సత్యము కాదు. ఉన్న లాభములు ఎంతటివో తూచి చూడవలెను.

మొదటిది మూత్రమార్గపు వ్యాధులు. ముందోలు క్రింద చేరు సూక్ష్మజీవులు మూత్రనాళములోనికి ఎగబ్రాకవచ్చును. సున్తీ కాని మగశిశువులలో మొదటి ఏడాది సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు వచ్చును. సున్తీ అయినవారిలో ఇంతకంటె చాల తక్కువ. 2005లో అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కించినపుడు, ఆరోగ్యవంతులైన శిశువులలో ఒక్క జబ్బును తప్పించుటకు 111 మందికి సున్తీ చేయవలసియుండునని తేలెను. ఈ జబ్బు సాధారణముగా మందులతో కుదురును. అయితే మూత్రము వెనుకకు మూత్రపిండములలోనికి తన్నుకొనిపోవు లోపమున్న శిశువులలో ఇది మాటిమాటికి వచ్చి మూత్రపిండములను చెరచును. అట్టి శిశువుల విషయములో లాభము పెద్దది. వారికి సున్తీ చేయుమని వైద్యులు చెప్పినచో దానికి గట్టి కారణము ఉండును.

రెండవది హెచ్.ఐ.వి. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో వయోజనులపై జరిగిన మూడు పరిశోధనల ఫలితములు 2005, 2007 సంవత్సరములలో వెలువడెను. సున్తీ చేయించుకొన్న పురుషులకు స్త్రీలవలన హెచ్.ఐ.వి. సోకుట సుమారు నూటికి 60 వంతులు తగ్గినట్లు అవి చూపెను. ముందోలు లోపొరలో ఆ వైరసునకు చిక్కు కణములు హెచ్చుగా ఉండుట దీనికి కారణమని చెప్పుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఈ పద్ధతిని సిఫారసు చేసెను. ఆ సిఫారసు జబ్బు విపరీతముగా వ్యాపించిన తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశములను ఉద్దేశించినది. ఆ దేశముల జాబితాలో భారతదేశము లేదు. పుట్టిన బిడ్డకు ఈ జబ్బు సోకు మార్గము వేరు. అది తల్లినుండి వచ్చునది. దానిని సున్తీ ఆపలేదు. పై పరిశోధనలలో కనబడిన లాభము బిడ్డ యౌవనవంతుడైన పిదప కలుగునది. ఆ నాటికి ఆతడు స్వయముగా నిర్ణయించుకొనగలడు.

మూడవది శిశ్నపు క్యాన్సరు. బాల్యములో సున్తీ అయినవారికి ఇది తక్కువగా వచ్చును. కాని ఇది మొదటనే మిక్కిలి అరుదైన జబ్బు. ముందోలు పెద్దయైన తరువాత కూడ బిగిసియుండుట, శుభ్రత లేకపోవుట, పొగత్రాగుట, హెచ్.పి.వి. అను వైరసు సోకుట దీనికి ముఖ్య కారణములు. వీనిలో పెక్కింటిని కత్తి లేకయే నివారింపవచ్చును. హెచ్.పి.వి.కి ఇప్పుడు టీకా కలదు.

ఈ లాభములను తూచుటలో వైద్య సంఘములు ఏకాభిప్రాయమునకు రాలేదు. అమెరికా శిశువైద్యుల అకాడమీ 1971లో నవజాత శిశువునకు సున్తీ చేయుటకు తగిన వైద్య కారణము లేదనెను. 1999లో లాభములున్నను అందరికిని చేయుమని చెప్పుటకు చాలవనెను. 2012లో లాభములు నష్టములను మించుచున్నవనియు, అయినను అందరికి సిఫారసు చేయదగినంతవి కావనియు, నిర్ణయము తల్లిదండ్రులదే అనియు ప్రకటించెను. కెనడా శిశువైద్య సంఘము 2015లో ప్రతి మగశిశువునకు సున్తీ చేయుటను తాను సిఫారసు చేయుట లేదని చెప్పెను. నెదర్లాండ్సు వైద్య సంఘము 2010లో వైద్య కారణము లేని సున్తీని నిరుత్సాహపరచెను.

రక్తము సంగతి

నష్టములలో ముఖ్యమైనది రక్తస్రావము. మూడు కిలోల శిశువు శరీరములో ఉండు రక్తము సుమారు 240 మిల్లీలీటర్లు. అనగా ఒక గ్లాసెడు. అందులో 24 మిల్లీలీటర్లు, అనగా ఐదు చిన్న చెంచాలు పోయినచో, పెద్దవానికి అర లీటరు పోయినదానితో సమానము. పోయిన రక్తము కండ్లకు కొంచెముగా కనబడినను బిడ్డకు అది కొంచెము కాదు. పైగా ఈ కాలపు డైపర్లు తడిని లోనికి పీల్చుకొనును. రక్తము కారుచున్న సంగతి తల్లికి చాలసేపు తెలియకపోవచ్చును.

పుట్టిన శిశువుల శరీరములో విటమిను కె చాల తక్కువ. రక్తము గడ్డకట్టుటకు వలయు కొన్ని పదార్థములను కాలేయము తయారుచేయుటకు ఈ విటమిను అవసరము. అందుచేతనే పుట్టిన వెంటనే ప్రతి శిశువునకు విటమిను కె సూది వేయుదురు. సున్తీకి ముందు ఆ సూది పడినదో లేదో తల్లిదండ్రులు అడిగి తెలిసికొనవలెను.

విటమిను కె తో తీరని లోపములు కూడ కలవు. వానిలో ముఖ్యమైనది హీమోఫిలియా. ఇది సుమారు 5000 మంది మగశిశువులలో ఒకరికి వచ్చును. రక్తమును గడ్డకట్టించు ఎనిమిదవ అంశము లేకపోవుట దీనికి ఎక్కువగా కారణము. దీని లోపము ఎక్స్ అను క్రోమోజోములో ఉండును. తల్లికి రెండు ఎక్స్‌లు ఉండుటచే ఆమె సాధారణముగా ఆరోగ్యముగానే ఉండును. కొడుకునకు ఒక్క ఎక్స్ మాత్రమే తల్లినుండి వచ్చును. లోపమున్నది వచ్చినచో ఆతనికి జబ్బు వచ్చును. అందువలన ఈ జబ్బు జాడను మేనమామలలోను, తల్లి అక్కచెల్లెండ్ర కొడుకులలోను వెదకవలెను.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులకంటె ముందు కనుగొన్నవారు సున్తీ చేయించిన తల్లులే. యూదుల ధర్మగ్రంథమైన తాల్మూదులో ఒక నియమము కలదు. ఒక తల్లికి పుట్టిన ఇద్దరు కొడుకులు సున్తీవలన మరణించినచో మూడవ వానికి చేయరాదు. సెప్ఫోరిస్ అను ఊరిలో నలుగురు అక్కచెల్లెండ్ర వృత్తాంతము కూడ అందు చెప్పబడినది. మొదటి ముగ్గురి బిడ్డలును సున్తీవలన మరణించిరి. నాలుగవ ఆమె తన బిడ్డతో మతగురువును ఆశ్రయింపగా, ఆయన ఆ బిడ్డకు సున్తీ వలదని శాసించెను. జన్యుశాస్త్రము పుట్టుటకు పదునైదు వందల ఏండ్లకు పూర్వమే ఈ జబ్బు తల్లి వంకనుండి వచ్చునని ఆ విధముగా గుర్తింపబడెను. ప్రాణము కొరకు మతవిధినే నిలిపిన ఆ తీర్పు అన్ని మతముల తల్లిదండ్రులును తలచుకొనదగినది.

అయితే హీమోఫిలియా రోగులలో సుమారు మూడవ వంతు మందికి కుటుంబములో ఆ జబ్బు జాడయే ఉండదు. మార్పు వారిలోనో, వారి తల్లిలోనో క్రొత్తగా పుట్టును. ఇదిగాక తల్లిదండ్రు లిద్దరినుండి లోపము వచ్చినపుడే కనబడు రక్తస్రావ వ్యాధులు మరికొన్ని కలవు. దగ్గరి సంబంధము చేసికొన్నవారి సంతానములో ఇవి హెచ్చు. మేనరికములు వాడుకలోనున్న తెలుగు కుటుంబములు దీనిని మరువరాదు. బొడ్డు ఊడునపుడు రక్తము ఆగక కారుట, సూది వేసిన చోట పెద్దగా కమిలి వాచుట వంటి గుర్తులు కనబడినచో రక్తపరీక్ష జరుగువరకు సున్తీ మాట తలపెట్టరాదు.

ఇతర చిక్కులు

శిక్షణ పొందిన వైద్యుడు శుభ్రమైన పరికరములతో నవజాత శిశువునకు చేసినపుడు చిక్కులు తక్కువ. లెక్కించిన పద్ధతినిబట్టి వేయింట ఐదు మొదలు పదునైదు వరకు అని పరిశోధనలు చెప్పుచున్నవి. అందు పెక్కు చిన్నవి: కొద్ది రక్తస్రావము, కొద్దిగా చీము పట్టుట, చర్మము హెచ్చుగానో తక్కువగానో కోయుట. మూత్రద్వారము కొన్నాళ్ళకు సన్నబడుట కూడ కలదు. అమెరికాలో 2014లో ప్రకటితమైన ఒక పెద్ద లెక్క ప్రకారము, ఒకటి మొదలు తొమ్మిదేండ్ల వయస్సులో చేసినపుడు చిక్కులు నవజాత శిశువులకంటె సుమారు ఇరువది రెట్లు హెచ్చు. కావున తరువాత చేయింతమనుకొనువారు ఆ జాప్యమునకు గల వెలను కూడ తెలిసికొనియుండవలెను.

పెద్ద ప్రమాదములు అరుదు. కాని అవి జరిగినపుడు సరిదిద్దుటకు వీలు కానివి. 1966లో కెనడాలోని విన్నిపెగ్ నగరమున కవల శిశువులకు ముందోలు బిగువుగా ఉన్నదని సున్తీ తలపెట్టిరి. మొదటి బిడ్డకు కత్తికి బదులు విద్యుత్తుతో కాల్చు పరికరము వాడిరి. ఆ బిడ్డ శిశ్నము కాలిపోయెను. రెండవ బిడ్డకు చికిత్స మానివేసిరి. ఆతని బిగువు కొంతకాలమునకు దానంతట అదియే పోయెను. బిగువు జబ్బా, కాదా యని మొదట విచారింపకపోవుట ఎంతటి కీడు తెచ్చునో దీనివలన తెలియును. లోహపు పట్టకారుతో విద్యుత్ పరికరమును కలిపి వాడరాదనునది కూడ ఇట్టి ప్రమాదములు నేర్పిన పాఠమే.

నొప్పి

శిశువులకు నొప్పి తెలియదని వైద్యులు చాలకాలము నమ్మిరి. నరముల ఎదుగుదల పూర్తికాలేదు గనుక వారి ఏడుపు వట్టి ప్రతిచర్య అనుకొనెడివారు. అందుచేత మత్తు లేకయే సున్తీ చేయుట సాధారణమై యుండెను. భారతదేశమున వైద్యవిద్య నభ్యసించిన కన్వల్జీత్ సింగ్ ఆనంద్ తన సహచరుడు హికీతో కలిసి 1987లో ప్రకటించిన వ్యాసము ఈ నమ్మకమును తారుమారు చేసెను. శిశువులలో నొప్పిని మోయు నరములు పుట్టుకకు ముందే సిద్ధమగుననియు, నొప్పి కలిగినపుడు వారి గుండెవేగము, రక్తపు పోటు, రక్తములోని హార్మోనులు మారుననియు అందు నిరూపింపబడెను. 1997లో కెనడాలో జరిగిన పరిశోధన ఇంకొక సంగతి తెలిపెను. సున్తీ అయిన శిశువులు కొన్ని నెలల తరువాత టీకా వేయునపుడు సున్తీ కాని శిశువులకంటె హెచ్చుగా బాధను కనబరచిరి. తిమ్మిరి లేపనము వ్రాసి సున్తీ చేసినవారిలో ఈ బాధ తక్కువగా కనబడెను.

నేడు వైద్యశాస్త్రము ఈ విషయమున సందేహపడుట లేదు. నొప్పి తెలియకుండ చేయకయే సున్తీ చేయరాదు. శిశ్నపు మొదట నరముల దగ్గర తిమ్మిరి సూది వేయుట మేలైన పద్ధతి. లేపనము ఒక్కటియే అంతగా పనిచేయదు. నోటిలో తీపి నీటి చుక్కలు వేయుట బిడ్డను ఊరడించును గాని సూదికి బదులు కానేరదు. వైద్యుడు నొప్పికి ఏమి చేయునో ముందుగా అడుగుట తల్లిదండ్రుల హక్కు. 'పసివానికేమి తెలియును' అను సమాధానము వచ్చినచో మరియొక వైద్యుని చూచుకొనుట మేలు.

చేయింపదలచినవారు

నెలలు నిండక పుట్టిన, జ్వరముగాని కామెర్లుగాని ఉన్న శిశువునకు వెంటనే చేయింపరాదు. కొందరు శిశువులకు మూత్రద్వారము కొనయందు గాక శిశ్నపు అడుగు భాగమున ఉండును. దానిని తరువాత సరిదిద్దునపుడు ముందోలు చర్మమే పనికివచ్చును. కావున అట్టి బిడ్డకు సున్తీ ఎంతమాత్రము చేయింపరాదు. శిశ్నము వంకరగా ఉన్నను, చర్మములో కూరుకొనిపోయినట్లున్నను ముందుగా నిపుణుని సలహా కావలెను.

చేయు పద్ధతులు ముఖ్యముగా మూడు. గోమ్కో పట్టకారులో మణికి గంటవంటి లోహపు కప్పు తొడిగి, దానిపై చర్మమును బిగించి కోయుదురు. మోగెన్ పట్టకారు పని త్వరగా ముగించును గాని కోయునపుడు మణి కంటికి కనబడదు. నేర్పు చాలనివారు వాడినచో మణి తెగు ప్రమాదము కలదు. ప్లాస్టిబెల్ అనునది ప్లాస్టిక్ ఉంగరము. దానిపై దారము బిగించి కట్టగా ముందున్న చర్మము ఎండి, సుమారు వారము దినములలో ఉంగరముతోకూడ రాలిపోవును. ఏ పద్ధతియైనను చేయువాని అనుభవమే ప్రధానము. తల్లిదండ్రులు ఆ సంగతి నిర్మొహమాటముగా అడుగవలెను.

తరువాత డైపరు మార్చినపుడెల్ల పుండుకు వాసెలిన్ వ్రాయవలెను. రెండు మూడు దినములకు మణిపై పసుపుపచ్చని పొర కట్టును. అది మానుటకు గుర్తు. దానిని గీకరాదు. పసుపు, బూడిద, ఆకు పసరు వంటివి పెట్టరాదు. వారము, పది దినములలో పుండు మానును. ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినను వెంటనే వైద్యునియొద్దకు పోవలెను: రక్తపు మరక రూపాయి బిళ్ళకంటె పెద్దదగుట, లేదా నొక్కి పట్టినను రక్తము ఆగకపోవుట, 12 గంటలలో మూత్రము రాకపోవుట, ఎరుపు శిశ్నపు మొదటివరకు ప్రాకుట, 100.4 డిగ్రీలు, లేదా అంతకు మించిన జ్వరము. బిడ్డ పాలు త్రాగక మగతగా ఉండుట. ప్లాస్టిక్ ఉంగరము వెనుకకు జారుట.

చేయింపనివారు

చేయింపని తల్లిదండ్రులు చేయవలసిన పని చాల కొద్ది. వెలుపల కడుగుట, లోపలికి చేయి పెట్టకుండుట, ఇంతియే. ముందోలు కొనయందు తెల్లని గట్టి మచ్చ కట్టుట, మూత్రము సన్నని ధారగా కష్టపడి వచ్చుట, మాటిమాటికి వాచి చీము పట్టుట నిజమైన జబ్బునకు గుర్తులు. అప్పుడైనను మొదటి చికిత్స కత్తి కాదు. వైద్యుడు వ్రాసి యిచ్చిన స్టీరాయిడు లేపనమును కొన్ని వారములు వ్రాయగా హెచ్చుమంది బాలురలో చర్మము వదులగును. దానికి లొంగనప్పుడు, ముఖ్యముగా తెల్లని మచ్చ జబ్బు ముదిరినప్పుడు, సున్తీయే సరియైన చికిత్స.

నిర్ణయ మెవ్వరిది?

మాటలు రాని బిడ్డ శరీరముపై, జబ్బు లేనపుడు, తల్లిదండ్రులు శస్త్రచికిత్స చేయింపవచ్చునా అను ప్రశ్న న్యాయస్థానములకు కూడ ఎక్కెను. సున్తీ తరువాత రక్తస్రావము కలిగిన ఒక నాలుగేండ్ల బాలుని విషయములో జర్మనీలోని కొలోను న్యాయస్థానము 2012లో తీర్పు చెప్పుచు, మతకారణముతో చేయు సున్తీ బిడ్డ శరీరమునకు చేయు హాని యనెను. దానిపై యూదులు, ముస్లిములు తీవ్రముగా ఆందోళన చెందిరి. అదే సంవత్సరము డిసెంబరులో జర్మను పార్లమెంటు, వైద్య ప్రమాణములను పాటించుచు చేసినచో సున్తీ చట్టసమ్మతమే అని శాసనము చేసెను. బిడ్డ హక్కును, కుటుంబపు విశ్వాసమును రెంటిని గౌరవింపబూనిన ఆ సమాజము చివరకు పట్టుకొన్న ఆధారము ఒక్కటి: ఎవరు చేసినను, ఎందుకు చేసినను, నొప్పి లేకుండ, నేర్పుతో, బిడ్డ క్షేమమునకు భంగము లేకుండ చేయవలెను.

మత విధిగా చేయించు కుటుంబమునకు శాస్త్రము చెప్పునది ఇంతియే. మేనమామల సంగతి విచారించి, విటమిను సూది వేయించి, తిమ్మిరి మందుతో, శిక్షణ గల వైద్యునిచేత చేయింపవలెను. ఆసుపత్రిలో అడిగినందున ఆలోచనలో పడినవారు తొందరపడనక్కరలేదు. ఆరోగ్యవంతుడైన బిడ్డకు దీనివలన కలుగు లాభము కొద్దిది, నష్టము కూడ కొద్దిది. వలదని చెప్పినందున బిడ్డకు అన్యాయము చేసినట్లు కాదు. ఇక ముందోలు వెనుకకు రాలేదని మాత్రమే దిగులుపడు తల్లులు, బిడ్డను వైద్యునికి ఒకమారు చూపి, ఆయన జబ్బు లేదన్నచో ఆ పనిని కాలమునకు విడిచిపెట్టవచ్చును.